పచ్చికలో మొలచు తెల్లగొడుగు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ఉపన్యాసము)



ఏదైనను ఒక్కుమ్మడిగా లెక్కకు మిక్కిలిగా కనబడినచో “పుట్టగొడుగులవలె పుట్టుకొని వచ్చినవి” అనుట తెలుగువారి వాడుక. రాత్రి వాన కురియును. తెల్లవారునప్పటికి నిన్న లేని గొడుగులు నేలపై నిలిచియుండును. రెండు మూడు దినములలో అవి వాడి, కుళ్ళి, మట్టిలో కలిసిపోవును. ఇరువదియైదు సంవత్సరములు నిలిచిన గ్రంథాలయము అట్టిది కాదు. అయినను ఈ సభలో ఆ గొడుగును గూర్చియే నాలుగు మాటలు చెప్పుకొనుటకు కారణము కలదు. చూచినదానిని తొందరపడక, తుదివరకు, సరిగా చదువుటయే గ్రంథాలయము నేర్పు మొదటి పాఠము. గ్రంథమును సరిగా చదువనివానికి అర్థము మాత్రమే చెడును. పుట్టగొడుగును సరిగా చదువనివానికి ఆరోగ్యము చెడును. ఒక్కొక్కప్పుడు ప్రాణమే పోవును.

పల్లెలో పెరిగినవారికి పుట్టకొక్కులు క్రొత్తవి కావు. తొలకరి వానల తరువాత పొలమునకు పోయిన పెద్దలు వాటిని పైపంచె కొంగున మూటగట్టుకొని వచ్చుటయు, ఆ పూట ఇంటిలో కూర వాసన గుమగుమలాడుటయు చాలమందికి జ్ఞాపకము ఉండును. ఏ పుట్టమీద, ఏ గట్టున, ఏ కార్తెలో అవి లేచునో ఆ పెద్దలకు తెలియును. అది ఏండ్ల తరబడి ఒకే నేలను చూచుటవలన కలిగిన తెలివి. నేటి పిల్లలకు ఆ తెలివిలో సగమే అందినది. తెల్లని గొడుగు తినవచ్చునను సగము అందినది. ఏ తెల్లని గొడుగు అను తక్కిన సగము అందలేదు. వానకాలమున పాఠశాల ఆవరణలోను, కాలువ గట్టునను, పట్టణపు ఉద్యానములోను పళ్ళెములంతేసి తెల్లని గొడుగులు లేచినప్పుడు ఈ సగము తెలివియే ప్రమాదమునకు త్రోవతీయును.

గొడుగు పుట్టు విధము

పుట్టగొడుగు మొక్క కాదు. దానికి పత్రహరితము లేదు. ఎండ సాయమున ఆహారమును తయారు చేసికొను శక్తి దానికి లేదు. శాస్త్రజ్ఞులు దానిని శిలీంధ్రములను వేరొక వర్గమున చేర్చిరి. నేలపై కనబడు గొడుగు మామిడిచెట్టుకు కాయ వంటిది; చెట్టు మాత్రము నేలలోపలనే దాగియుండును. నూలుపోగులకంటె సన్ననైన తెల్లని దారములు మట్టిలోను, ఎండిన గడ్డివేళ్ళలోను, కుళ్ళిన ఆకులలోను అల్లుకొని, వాటిని జీర్ణించుకొని బ్రతుకుచుండును. తగిన తేమయు వెచ్చదనమును కూడినప్పుడు ఆ దారములు ఒక్కచోట ముద్దకట్టి మొగ్గ తొడుగును. గొడుగునకు కావలసిన అవయవములన్నియు ఆ మొగ్గలోనే ఏర్పడియుండును. వాననీటిని పీల్చుకొని అది స్వల్పకాలములోనే ఉబ్బి విచ్చుకొనును. రాత్రికి రాత్రి పుట్టినట్లు కనబడుటకు కారణమిదియే. ఉరుము ఉరిమినచో పుట్టగొడుగులు లేచునని పెద్దలు చెప్పు మాటకు ఉరుముతో వచ్చు వానయే ఆధారముగా కనబడుచున్నది.

పచ్చికలో ఈ గొడుగులు ఒక్కొక్కప్పుడు గిరి గీసినట్లు వలయముగా మొలచును. ఐరోపా ఖండమున పూర్వులు అవి దేవకన్యలు రాత్రివేళ నాట్యమాడిన చోటులని నమ్మిరి. 18వ శతాబ్దము చివర ఇంగ్లండులో విలియం విథరింగు అను వైద్యుడు అట్టి వలయము క్రింది మట్టిని త్రవ్వి, శిలీంధ్రపు దారములే దానికి కారణమని తెలిపెను. ఒకచోట మొదలైన దారములు అన్ని దిక్కులకును సమానముగా వ్యాపించును. నడుమనున్న ఆహారము తరుగును. అంచునందలి దారములు బలముగా నుండును. కావున గొడుగులు అంచుననే లేచును. ఏటేట వలయము పెద్దదగును. వలయముగా మొలచినంత మాత్రమున గొడుగు మంచిదనియో చెడ్డదనియో చెప్పరాదు. తినదగినవియు, విషము కలవియు రెండును వలయములు కట్టును.

పచ్చరేకుల గొడుగు

పచ్చికలో మొలచు పెద్ద తెల్లగొడుగులలో మిక్కిలి మోసము చేయునది ఒకటి కలదు. దాని శాస్త్రీయ నామము క్లోరోఫిల్లం మాలిబ్డైటిస్. పచ్చరేకుల గొడుగు అని తెలుగున పిలిచినచో అర్థము సరిపోవును. అమెరికా, ఆఫ్రికా, ఆసియా ఖండములలోని వెచ్చని దేశములందు ఇది పెరుగును. భారతదేశమునను అనేక ప్రాంతములలో వానకాలమున కనబడుచున్నది. దట్టమైన అడవికంటె గడ్డి కోసిన పచ్చిక బయళ్ళే దీనికి ఇష్టమైన చోటు. అనగా ఇది మనుష్యులు తిరుగు చోటనే, పిల్లలు ఆడుకొను చోటనే లేచును.

దీని రూపమును మొగ్గనుండి ముదిమివరకు గమనింపవలెను. మొగ్గ మొదట కోడిగ్రుడ్డువలె గుండ్రముగా నుండి, కాడ సాగిన తరువాత డోలుకఱ్ఱ తలవలె కనబడును. పైన లేత గోధుమరంగు చర్మము పలుచగా కప్పియుండును. టోపీ విప్పారినకొలది ఆ చర్మము పగిలి తెల్లని నేలపై గోధుమరంగు పొలుసులుగా మిగులును. నడుమ మాత్రము అది చెదరక ఒక మచ్చగా నిలుచును. పూర్తిగా విచ్చుకొన్న టోపీ 10 మొదలు 25 సెంటీమీటర్ల వెడల్పున, భోజనపు పళ్ళెమంత యుండును. కాడ నిటారుగా, నునుపుగా నుండి మొదట కొంచెము ఉబ్బియుండును. కాడపై భాగమున ఒక కడియము ఉండును. ముదిరిన గొడుగులో ఆ కడియమును వ్రేళ్ళతో పైకిని క్రిందికిని జరుపవచ్చును. కాడ మొదలున సంచివంటి తొడుగు ఉండదు.

టోపీ క్రింద పుస్తకపు టాకులవలె వరుసగా నిలిచియున్న సన్నని రేకులలోనే అసలు రహస్యము కలదు. లేతగొడుగులో ఈ రేకులు తెల్లగా నుండును. ముదిరినకొలది అవి బూడిద కలిసిన పచ్చరంగునకు తిరిగి, తుదకు పాచిరంగు పొందును. రేకులపై పండిన సిద్ధబీజముల రంగే ఆ పచ్చదనము. ఇట్లు పచ్చని సిద్ధబీజములను రాల్చు పెద్ద గొడుగులు మిక్కిలి అరుదు. కావున ముదిరిన గొడుగు తన పేరును తానే చెప్పుకొనును. కాని కూరకు ఎవరును ముదిరిన గొడుగును కోయరు, లేతవానినే కోయుదురు. లేతగొడుగు రేకులు తెల్లగానే యుండును. మోసమంతయు ఇక్కడనే యున్నది. గుర్తు తెలియు వేళకు కూర వండుట ముగియును.

ఈ గొడుగు పేరునకు ఒక చిన్న చరిత్ర కలదు. 1818లో జి. ఎఫ్. డబ్ల్యు. మయరు అను జర్మను వృక్షశాస్త్రజ్ఞుడు దక్షిణ అమెరికాలోని గయానా ప్రాంతపు మొక్కలను వర్ణించుచు దీనిని తొలుత పేర్కొనెను. మాలిబ్డైటిస్ అను మాట సీసము అను అర్థమిచ్చు గ్రీకు పదమునుండి వచ్చినది. 1898లో లండను సమీపమున గల క్యూ ఉద్యానమునకు చెందిన జార్జి మాస్సీ అను శాస్త్రజ్ఞుడు క్లోరోఫిల్లం అను ప్రజాతిని ఏర్పరచెను. ఆ సందర్భముననే అతడు ఒక గొడుగునకు ఎస్కులెంటం, అనగా తినదగినది, అని పేరుంచెను. తరువాతి పరిశీలనలో అదియు ఈ పచ్చరేకుల గొడుగే యని తేలినది. జీవితమంతయు శిలీంధ్రములను చదివిన పండితుని లేఖినినుండియే విషపు గొడుగునకు తినదగినదను పేరు వెలువడినప్పుడు, ఒక్క చూపుతో నిర్ణయించు సామాన్యుడు ఎంత జాగరూకుడై యుండవలెనో వేరుగా చెప్పనక్కఱలేదు.

దీనిని తిన్నవారికి సాధారణముగా ఒకటి మొదలు మూడు గంటలలో కడుపులో తీవ్రమైన నొప్పియు, వాంతులును, విరేచనములును ఆరంభమగును. ఒక్కొక్కప్పుడు విరేచనములో రక్తము కూడ పడును. పెక్కుమంది ఒకటి రెండు దినములలో తేరుకొందురు. కాని శరీరములోని నీరు వేగముగా హరించుటచేత పసిపిల్లలకును వృద్ధులకును ఇది ప్రాణాపాయము కావచ్చును. ఇందు మరియొక చిక్కు కలదు. అందరికిని ఇది ఒకే తీరుగా పనిచేయదు. ఒకే కూర తిన్న వారిలో ఒకరికి ఏమియు కాకపోవచ్చును, పక్కవారు ఆసుపత్రి పాలు కావచ్చును. “ఫలానావారు తిని నిక్షేపముగా నున్నారు” అను సాక్ష్యము ఈ విషయమున చెల్లదు.

పోలికలు, భేదములు

మన పుట్టకొక్కులకును దీనికిని గల భేదమును తెలిసికొనుట మొదటి పని. పుట్టకొక్కుల ప్రజాతికి టెర్మిటోమైసిస్ అని పేరు. 1942లో రోజరు హైము అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆ పేరుంచెను. దాని జీవితము ఒక వింత. చెదలు ఎండుటాకులను, పుల్లలను, గడ్డిని కొరికి తెచ్చి, పుట్టలోపల తేనెపట్టువంటి దిమ్మలుగా పేర్చి, వాటిపై ఈ శిలీంధ్రమును పెంచును. గట్టి కొయ్యను మెత్తపరచుట శిలీంధ్రము పని. ఆ మెత్తబడిన ఆహారమును తినుట చెదల పని. మనుష్యుడు నాగలి పట్టుటకు లక్షల సంవత్సరములకు ముందే చెదలు ఈ సేద్యము చేయుచుండెను. వానలు పడినప్పుడు ఆ తోటనుండి గొడుగులు నేలను చీల్చుకొని పైకి వచ్చును.

కావుననే పుట్టకొక్కు టోపీ నడుమ నేలను పొడుచుకొని వచ్చుటకు అనువైన మొనదేలిన బొడిపె యుండును. దాని కాడ నేలతో ముగియదు. వేరువలె సన్నగిల్లుచు, జానెడో మూరెడో లోతునకు, చెదల తోటవరకు దిగియుండును. దాని రేకులు ఎన్నడును పచ్చబడవు. సిద్ధబీజములు లేత గులాబిరంగులో రాలును. పచ్చరేకుల గొడుగునకు ఇట్టి వేరు లేదు. ఉబ్బిన మొదలుతో అది పైమట్టిలోనే నిలిచియుండును. గొడుగును పైపైన త్రుంచి తెచ్చువానికి ఈ భేదము ఎన్నటికిని తెలియదు. మొదలుతో సహా మెల్లగా త్రవ్వి తీసిన వానికే తెలియును.

ఐరోపా, ఉత్తర అమెరికా దేశములలోని పసువుల మేతబీళ్ళలో లేచు తెల్లని గొడుగు మరియొకటి కలదు. దానిని అగారికస్ కాంపెస్ట్రిస్ అందురు. 1753లో లిన్నేయసు పండితుడు దీనిని పేర్కొనెను. దీని టోపీ తెల్లగా, మెత్తగా నుండును. రేకులు లేతగా నున్నప్పుడే గులాబిరంగులో నుండి, ముదిరి చాక్లెటు రంగు పొందును. సిద్ధబీజములును ఆ రంగువే. ఆ దేశములవారు దీనిని తరతరాలుగా తినుచున్నారు. కాని దీని దాయాదియే అగారికస్ క్జాంథోడెర్మస్ అను మరియొక తెల్లగొడుగు అదే గడ్డిలో లేచును. దాని కాడ మొదలును కోసినచో కోసినచోట చిక్కని పసుపురంగు తోచును; సిరావంటి ఘాటు వాసన వచ్చును. దానిని తిన్నవారిలో పెక్కుమందికి వాంతులగును. ఒకే ఇంటి బిడ్డలలో ఒకడు మంచివాడు, ఒకడు చెడ్డవాడు అయినట్లున్నది దీని కథ.

ఆ దేశములలోనే పచ్చికలయందు రూపాయి నాణెమంతటి చిన్న చిన్న తెల్లగొడుగులు కూడ లేచును. క్లిటోసైబి అను జాతిలోనివి వీటిలో కొన్ని. చూచుటకు అమాయకముగా నుండును. వీటిలో మస్కరీన్ అను విషము కలదు. తిన్న కొలది కాలములోనే ఒడలెల్ల చెమటలు, నోట లాలాజలము, కండ్ల నీరు కారును, నాడి మందగించును. కావున పెద్దగొడుగు చెడ్డదనియు, చిన్నగొడుగు మంచిదనియు నిర్ణయించుటకును వీలులేదు.

సిద్ధబీజముల ముద్ర

గొడుగు పేరు కనుగొనుటకు ప్రతి ఇంటను చేయదగిన పరీక్ష ఒకటి కలదు. దీనికి ఖర్చు లేదు. పాఠశాల పిల్లలు కూడ పెద్దల సమక్షమున చేయవచ్చును. బాగుగా విచ్చుకొన్న గొడుగును తీసికొని కాడను టోపీ దగ్గఱగా కోయవలెను. సగము తెలుపు, సగము నలుపు గల కాగితముపై టోపీని రేకులు క్రిందికి వచ్చునట్లు పెట్టవలెను. గాలి సోకకుండ దానిపై ఒక గిన్నె బోర్లించి రాత్రియంతయు కదపక ఉంచవలెను. ఉదయమున టోపీని మెల్లగా ఎత్తినచో, రేకుల వరుస ముగ్గు వేసినట్లు కాగితముపై పొడిగా దిగియుండును. ఆ పొడిలోని ఒక్కొక్క రేణువు ఒక్కొక్క సిద్ధబీజము. తెల్లని పొడి నల్లకాగితముపైనను, రంగుపొడి తెల్లకాగితముపైనను స్పష్టముగా కనబడును. పరీక్ష ముగిసిన తరువాత చేతులు కడుగుకొనవలెను. ఆ గిన్నెను తోమి మరల వాడుకొనవలెను.

ముద్ర పచ్చగా నున్నచో అది పచ్చరేకుల గొడుగని తెలియవలెను. చాక్లెటు రంగులో నున్నచో అగారికస్ ప్రజాతిలోనిది కావచ్చును. లేత గులాబిరంగులో నున్నచో పుట్టకొక్కు కావచ్చును, మరియొకటియు కావచ్చును. తెల్లగా నున్నచో సంతోషింపవలసినది ఏమియు లేదు. ఎందుకనగా ప్రపంచములోకెల్ల ప్రాణాంతకమైన గొడుగుల ముద్రయు తెలుపే. ఈ ముద్ర గొడుగు ఏ వంశమునకు చెందినదో చెప్పుటకు సాయపడునే కాని, తినుటకు అనుమతి పత్రము కాదు.

సెల్‌ఫోనుతో ఛాయాచిత్రము తీసి, యంత్రమునే పేరు అడుగు అలవాటు ఈ కాలమున ప్రబలినది. పరిచయమునకు అది పనికివచ్చునే కాని, తినుటకు దానిని నమ్మరాదు. చిత్రమున టోపీ పైభాగము కనబడును. రేకుల రంగు, మొదలు ఆకారము, వాసన, సిద్ధబీజముల రంగు కనబడవు. ముఖపత్రము చూచి గ్రంథమును విమర్శించినట్లుండును ఆ పని.

చెల్లని పరీక్షలు

విషమును కనుగొనుటకు ఆయా దేశములవారు కొన్ని సులభమార్గములను చెప్పుకొనుచుందురు. వెండి నాణెమును కూరలో వేసినచో విషపు గొడుగు దానిని నల్లబరచునందురు. వెండిని నల్లబరచునది గంధకము కలిసిన పదార్థము; పుట్టగొడుగు విషములతో దానికి సంబంధము లేదు. కోడిగ్రుడ్డు సొనయు వెండిని నల్లబరచును. అంత మాత్రమున గ్రుడ్డు విషము కాదు. వెల్లుల్లియో బియ్యమో వేసి ఉడికించినచో రంగు మారుననుటయు అట్టిదే.

పురుగు తిన్న గొడుగు మంచిదని మరికొందరు అందురు. మనుష్యుని కాలేయమును చంపు గొడుగును నత్తలును పురుగులును సుఖముగా తినును. వాటి దేహము వేఱు, మన దేహము వేఱు. టోపీ చర్మము సులభముగా ఊడివచ్చినచో మంచిదని ఇంకొందరు అందురు. మరణము తెచ్చు గొడుగుల చర్మము కూడ సులభముగా ఊడివచ్చును. బాగుగా ఉడికించినచో విషము పోవునని పలువురు నమ్ముదురు. కొన్ని విషములు వేడికి కొంత తగ్గుట నిజమే. కాని మిక్కిలి ఘోరమైనవి ఎంత మరిగించినను, ఎంత ఎండబెట్టినను చెడవు. తెల్లనిది సాత్వికమను భావము సంప్రదాయమున నుండవచ్చును. అడవికి ఆ సంగతి తెలియదు.

ఆ ఘోరమైనవి ఏవనగా, అమానిటా ప్రజాతిలోని కొన్ని గొడుగులు. వాటిలో తలనుండి మొదలువరకు మల్లెపూవువలె తెల్లనివి కలవు. ఆంగ్లభాషలో వాటికి సంహార దేవదూత అను అర్థము వచ్చు పేరు కలదు. అవి ఎక్కువగా చల్లని ప్రాంతపు అడవులలో, కొన్ని చెట్ల వేళ్ళతో పొత్తు కలిపి పెరుగును. ఆ చెట్లున్నచో పక్కనున్న గడ్డిలోను లేచును. కాడపై కడియమును, మొదలున మట్టిలో దాగిన సంచియు, ఎన్నటికిని తెల్లగా నుండు రేకులును వాటి గుర్తులు. మొదలును మట్టిలోనే విడిచి త్రుంచినవానికి ఆ సంచి కనబడదు. వాటి విషము వెంటనే పనిచేయదు. తిన్న ఆరు గంటలకు పైగా, పెక్కుమారులు మరునాటికి, వాంతులు విరేచనములు మొదలగును. తరువాత తగ్గినట్లు తోచును; రోగి లేచి కూర్చుండును; ఇంటివారు ఊరట చెందుదురు. ఆ లోపల కాలేయము నశించుచుండును. మూడు నాలుగు దినములకు కామెర్లు కనబడునప్పటికి వైద్యుల చేతిలోని పని కష్టమగును.

ఇది ఎక్కడనో జరుగు సంగతి కాదు. 2022 ఏప్రిల్ నెలలో అస్సాము రాష్ట్రమున అడవిగొడుగులను వండుకొని తిని పదిమందికి పైగా మరణించిరి. మృతులలో తేయాకు తోటల కూలి కుటుంబములవారు పలువురు కలరు, పసివారును కలరు. వారు పుట్టగొడుగులు ఎఱుగనివారు కారు. ఎఱిగినవారే ఒకదానిని చూచి మరియొకటిగా ఎంచిరి.

తిన్నచో చేయవలసినది

పొరపాటున తెలియని గొడుగు తిన్నట్లు అనుమానము కలిగినచో, లక్షణములు కనబడువరకు వేచియుండరాదు. తెలుగు రాష్ట్రములలో 108 సంఖ్యకు ఫోను చేసి, రోగిని ఆసుపత్రికి చేర్పవలెను. మిగిలిన గొడుగును, అది దొరకనిచో తఱిగి పారవేసిన ముక్కలను, వండిన కూరను కాగితములో చుట్టి వెంట తీసికొనిపోవలెను. ఏ వేళ తిన్నారో, ఏ వేళ వాంతులు మొదలైనవో వ్రాసి యుంచవలెను. ఆ కాలభేదమే వైద్యునికి విషపు జాతిని సూచించును. అదే కూర తిన్న వారినందరిని, బాగున్నను, వెంట తీసికొనిపోవలెను. ఉప్పునీరు త్రాగించి బలవంతముగా వాంతి చేయింపరాదు. తెలివిలో నుండి త్రాగగలవారికి పంచదార, ఉప్పు తగుపాళ్ళలో గల ఓ.ఆర్.ఎస్. ద్రావణమును కొంచెము కొంచెముగా ఇయ్యవచ్చును. వాంతులు తగ్గినవని చూచి వైద్యము మానరాదు.

భయపడవలసినది తినుటకే కాని తాకుటకు కాదు. పచ్చరేకుల గొడుగును చేతితో తీసినంత మాత్రమున విషము ఎక్కదు. దొరికినదెల్ల నోట పెట్టుకొను పసిపిల్లలు ఆడుకొను పచ్చికలో వాన వెలిసిన ఉదయమున ఒకమారు తిరిగి చూచి, లేచిన గొడుగులను ఏరి పూడ్చివేయుట మంచిది. పిల్లలు లేనిచోట వాటిని తన్ని పాడుచేయ నక్కఱలేదు. ఎండిన గడ్డిని, ఆకును కుళ్ళబెట్టి మరల నేలకు సారముగా అందించు సేవ ఈ శిలీంధ్రములదే.

పుట్టగొడుగుల రుచి కోరువారికి నిరాశ లేదు. ఎఱిగిన విత్తనముతో పెంచిన గొడుగులు అంగళ్ళలో దొరకుచున్నవి. బటను పుట్టగొడుగును ఫ్రాన్సు దేశమున పారిసు పరిసరములందు 17వ శతాబ్దమునుండి సాగుచేయుచున్నారు. వరిగడ్డిపై పెరుగు గొడుగును మన దేశమున 1940 తరువాతి సంవత్సరములలో కోయంబత్తూరునందు సాగుచేసి చూపిరి. ఆ వరిగడ్డి గొడుగునకు కూడ కాడ మొదలున సంచి యుండుట గమనింపదగినది. అనగా సంచి యున్నదెల్ల విషమనుటకును వీలులేదు, సంచి లేనిదెల్ల అమృతమనుటకును వీలులేదు. ఏ ఒక్క గుర్తును తీర్పు చెప్పజాలదు. మన వెచ్చని నేలలకు అనువైన పాలపుట్టగొడుగును 1974లో పశ్చిమ బెంగాలునుండి శాస్త్రజ్ఞులు వర్ణించిరి. నేడది దక్షిణ దేశమున విరివిగా పండింపబడుచున్నది. హిమాచల ప్రదేశములోని సోలనునందు 1983లో పుట్టగొడుగులకై ప్రత్యేక పరిశోధన కేంద్రము వెలసినది. గడ్డియు, నీడయు, శ్రద్ధయు గల పల్లె ఇంటికి ఇది ఒక చిన్న ఆదాయమార్గము కూడ కాగలదు. పుట్టకొక్కును మాత్రము ఇంతవరకు వ్యాపార సరళిలో సాగుచేయలేకపోయిరి. చెదల సేద్యరహస్యము మనుష్యుని చేతికి ఇంకను పూర్తిగా చిక్కలేదు.

పుట్టకొక్కులను ఎఱిగిన పెద్దలు ప్రతి గ్రామమునను ఇంకను కొందరు కలరు. వారు ఉండగానే వారి వెంట ఒక వానకాలము పొలమునకు పోయి, ఏ పుట్టపై ఏ గొడుగు లేచినదో, దాని కాడ ఎంత లోతు దిగినదో, ముద్ర ఏ రంగున పడినదో తిథివారములతో వ్రాసి గ్రంథాలయమున ఒక పుస్తకము ఉంచిన అది గ్రామమునకు ఆస్తి యగును. అట్టి పుస్తకము ఏ విశ్వవిద్యాలయమును ఈ ఊరికి పంపజాలదు. ఈ ఊరివారే వ్రాసికొనవలెను. ఆ పుస్తకపు మొదటి పుటలో ఒక్క వాక్యము పెద్ద అక్షరములతో వ్రాయుట అవసరము: తుదివరకు గుర్తింపని గొడుగు గిన్నెలోనికి పోరాదు.

ఈ గ్రంథాలయము వేయి వానకాలములు చూచుగాక. పచ్చికలో లేచిన గొడుగును చూచి “ఇది తిందమా?” అని కాక “ఇది ఏది?” అని మొదట అడుగు పిల్లలు ఈ ఊర పెరుగుదురుగాక.

స్వస్తి.